మిల్లు వెనక టెన్నిస్ కోర్టు

నా చిన్నప్పుడు, ఒక ఎండాకాలం ఉదయం ఆరుంబావుకు, మా తాతయ్య పళ్లు తోముకుని, భుజం మీది తువ్వాలతో మూతి తుడుచుకుంటూ, మిల్లు వెనక ఖాళీ జాగాలో టెన్నిస్ కోర్టు వేయిద్దామన్నాడు. వేళ ఎలా గుర్తుందంటే, మా మిల్లులో బాయిలరు కూత ఆరింటికి వేసేవాళ్లు. అది ఆగిన పావుగంటకు తాతయ్య పెరట్లోకి వచ్చేవాడు. ఆయన జీవితంలో అందులో మార్పు రాలేదు.

మా నాన్న టీ గ్లాసు నోటిదాకా తెచ్చుకుని, తాగకుండానే అరుగు మీద పెట్టాడు.

“ఏం కోర్టు?”

“టెన్నిస్ కోర్టు. గడ్డిది.”

“నాయినా, ఇంట్ల పిల్లగాడు పోయి ఇంక ఏడాది గూడ కాలే.”

“ఎరుకే,” అన్నాడు తాతయ్య. “మన ఇంజనీరు సారుకు సిమెంటు మీద ఆడితే మోకాళ్లు నొస్తున్నయంట.”

“మోకాళ్లు నొస్తే దవాఖానకు పోతడు. కిరాయికున్నోనికి కోర్టు కట్టిచ్చేటోడు యాడన్న ఉంటడా?”

“ఉంటడు. నేనున్న,” అని తాతయ్య చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మాది మిర్యాలగూడ. మా తాతయ్య వడ్ల వ్యాపారం చేసి, తర్వాత మిల్లు పెట్టాడు. ఇల్లు, మిల్లు ఒకే ప్రహరీలో ఉండేవి. ముందు వాటాలో కాలువ పనుల మీద వచ్చిన ఇంజనీరు ఒకాయన అద్దెకు ఉండేవాడు. కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం సాయంత్రం ఖాళీగా ఉంటే, తన ఆఫీసు మనిషి ఒకరిని తెచ్చుకుని అక్కడ బంతి కొట్టుకునేవాడు. చదువుకునే రోజుల్లో గడ్డి కోర్టు మీద ఆడేవాడినని, దాని మీద ఆడితే కాళ్లకు హాయిగా ఉంటుందని ఒకసారి మాటవరసకు అన్నాడు. ఆ మాటను తాతయ్య పట్టుకుంటాడని ఆయనా అనుకోలేదు. కోర్టు మాట ఇంట్లో మొదలయ్యాక అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పడింది ఆయనే. రెండుసార్లు తాతయ్య దగ్గరికి వచ్చి, నా కోసం వద్దండీ, బాగోదండీ అని చెప్పి వెళ్లాడు.

బాగోదని ఆయన ఎందుకు అన్నాడో చెప్పాలి.

అంతకుముందు చలికాలంలో మా తమ్ముడు పోయాడు. వాడికి ఐదేళ్లు. జ్వరం వచ్చి, తగ్గి, మళ్లీ వచ్చింది. సూర్యాపేట ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి నుంచి తీసుకొచ్చారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంతకన్నా చెప్పడం నాకు చేతకాదు.

అప్పటి నుంచి అమ్మ వెనక గదిలోనే ఉండేది. మొదటి రోజుల్లో చుట్టాలు వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. తర్వాత ఒకరొకరు ఒక్కో పని అందుకున్నారు. వంటకు మనిషిని పెట్టారు. నాకు జడ వేయడం పక్కింటి అక్క తీసుకుంది. దేవుడి గది, పాలు, చాకలి లెక్క, అన్నీ మా మేనత్త సూర్యాపేట నుంచి వచ్చి సర్దిపెట్టి వెళ్లింది. అమ్మ ఎప్పుడైనా లేచి వంటింటి గుమ్మం దాకా వస్తే, “నువ్వెందుకు లేసినవ్ పిల్లా, పో, పండుకో పో,” అనేవాళ్లు. అందరూ ప్రేమతోనే అన్నారు. అలా నెల తిరిగేసరికి ఆ ఇంట్లో అమ్మ చేయాల్సిన పని ఒక్కటి కూడా మిగల్లేదు. గదికి ఒక కిటికీ ఉండేది. అమ్మ మంచం మీద కూర్చుని ఆ కిటికీలోంచి చూస్తుండేది. అటు చూడటానికి ఏమీ లేదు. మిల్లు బూడిద, విరిగిన ఇటుకలు, పిచ్చి తుమ్మ.

తినడం తగ్గించింది. మాట్లాడటం ఎప్పుడు మానేసిందో మేం గమనించలేదు. డాక్టరు ఒకరోజు వరండాలో నిలబడి, ఇలాగే ఉంటే మనిషి దక్కదు అని నాన్నతో చెప్పాడు. నేను స్తంభం పక్కనే ఉన్నాను. దక్కదు అంటే ఏమిటో ఆ ఏడాదే తెలిసింది కాబట్టి ఎవరినీ అడగలేదు. ఆ రోజు నుంచి బడి నుంచి రాగానే ముందు వెనక గది తలుపు దగ్గరికి వెళ్లి, అమ్మ ఉందా అని చూసేదాన్ని. ఉండేది. మళ్లీ మర్నాడు అదే భయం.

అలాంటి ఇంట్లో తాతయ్య ఆట గురించి మాట్లాడాడు.

కబురు విని మా మేనత్త సూర్యాపేట నుంచి బస్సు ఎక్కి వచ్చింది. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

“ఏం నాయినా, ఈ వయసుల ఆడుకోబుద్ది పుట్టిందా?”

“నేనెందుకు ఆడత? సారు ఆడతడు.”

“ఏడాది తిరగలే. పండుగ లేదు, పబ్బం లేదు, వాకిట్ల పండుగ ముగ్గు గూడ ఏస్తలేము. ఆట మైదానం పెడతవా? నలుగురు ఏమనుకుంటరు?”

“ఏదో ఒకటి అనుకుంటరు. నలుగురికి గూడ పని ఉండాలె గద.”

“గా పిల్ల మొఖం జూసైనా ఆగొద్దా?” అని మేనత్త వెనక గది వైపు చేయి చూపించి ఏడ్చింది. తాతయ్య తువ్వాల దులుపుకుని మిల్లులోకి వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు మేనత్త మాటే న్యాయంగా కనిపించింది. తాతయ్యకు మా తమ్ముడు గుర్తు లేడనుకున్నాను.

జాగా విషయంలో కూడా గొడవైంది. రోడ్డు వైపు చదునైన, శుభ్రమైన నేల ఉంది. ఇంజనీరుకు నడక కూడా దగ్గర. తాతయ్య అది వద్దని, వెనక గది కిటికీ కింది బూడిద జాగానే ఎంచుకున్నాడు. అక్కడ బాగు చేయడానికి రెట్టింపు చాకిరీ అని నాన్న చెబితే, మనం ఖాళీగనే ఉన్నం గద అన్నాడు. సీజను అయిపోయింది. మిల్లులో పని పలచబడింది. హమాలీలు, కళ్లం ఊడ్చే ఆడవాళ్లు కలిసి తుమ్మ కొట్టేశారు, ఇటుకలు ఎత్తిపోశారు. నల్లమట్టి పగుళ్లు ఇవ్వకుండా ఊక బూడిద, ఇసుక కలిపారు. పాడైన ఇనుప డ్రమ్ములో ఇసుక నింపి, అటూ ఇటూ తాళ్లు కట్టి దొర్లించారు. రోజంతా కిటికీ కింద అరుపులు, పారల చప్పుడు. అమ్మ చూస్తోందో లేదో నాకు తెలియదు. కళ్లు అటే ఉండేవి.

కోదాడ నుంచి ఒక తోటమాలి వచ్చాడు. అక్కడ ఒక బంగళాలో పచ్చిక పెంచేవాడట. బియ్యం దించి తిరిగి వచ్చే మా లారీలోనే, తడి గోనెసంచుల్లో గరిక వేర్లు వేసుకుని దిగాడు. గరిక అంటే రైతులు గట్ల మీద నుంచి పీకి పారేసే గడ్డే. దాన్ని లారీలో తెప్పించుకోవడం చూసి కళ్లం ఊడ్చే అవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది.

“సేటూ, గింతకు మా ఊరికి పంపితే బండెడు తెచ్చేదాన్ని గద. మా వోళ్లు దాన్ని తిట్టని దినం లేదు.”

“తిట్టిన గడ్డి నాకొద్దు. మర్యాద తెల్సిన గడ్డి గావాలె,” అన్నాడు తాతయ్య.

తోటమాలి వేర్లను ముక్కలుగా తుంచి, జానెడు ఎడంగా గుచ్చించాడు. పైన ఎరువు చల్లాలని చెప్పాడు. తాతయ్య కళ్లం ఊడ్పు తెప్పించాడు. వడ్లు ఆరబోసి ఎత్తాక మిగిలే దుమ్ము, తాలు, మట్టి కలిసిన కుప్ప అది. తోటమాలి ఒక పిడికెడు తీసి అరచేతిలో చూసుకున్నాడు. ఆ పక్కనే నేను నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను.

“బాబుగారూ, ఇందులో గింజలున్నాయండి. నీళ్లు తగిలితే మొలిచేస్తాయి.”

“మొలిస్తే మొలవనీ.”

“అది కాదండీ, నా మాట వినండి. పశువుల ఎరువు వేయించుకోండి. పచ్చిక పాడైపోద్ది.”

“నీకు గడ్డి సంగతి ఎరుక. నాకు వడ్ల సంగతి ఎరుక. సల్లు.”

చల్లారు. తోటమాలి తల ఊపుకుంటూ, రోజూ పొద్దునా సాయంత్రం తడపాలని, దాన్ని ఎవరూ తొక్కకూడదని చెప్పి కోదాడ బస్సు ఎక్కాడు. తడిపే పని తాతయ్యే చేశాడు. అంతటి మనిషి పంచె పైకి కట్టుకుని, రబ్బరు గొట్టం పట్టుకుని కిటికీ కింద నిలబడేవాడు. ఒక మూల తడపకుండా వదిలేసి, ఇంకో మూల చెరువు చేసేవాడు. గట్టిగా తనలో తను మాట్లాడుకునేవాడు. నాన్న దూరం నుంచి చూసి తల తిప్పుకుని వెళ్లేవాడు. నాన్నకు అప్పుడు రెండు భయాలు ఉండేవని తర్వాత తెలిసింది. అమ్మ సంగతి ఒకటి. తాతయ్యకు మతి తప్పుతోందేమోనన్నది రెండోది.

వారం దాటేసరికి నేల పచ్చబడింది. ఒక ఉదయం చూస్తే జాగా అంతా సన్నగా, వెలుతురు పడితే మెరిసే పచ్చదనం. నేను అంత అందమైన నేల అంతకుముందు చూడలేదు. తాతయ్య సంతోషం చెప్పనలవి కాదు. మిల్లు ఆపించి అందరినీ పిలిచాడు. నాన్నను, గుమస్తాను, హమాలీలను, కళ్లం ఆడవాళ్లను, ఆఫీసుకు బయల్దేరిన ఇంజనీరును కూడా తీసుకొచ్చి కిటికీ కింద నిలబెట్టాడు.

“సూడుండ్రి, గడ్డి ఎట్లొచ్చిందో! ఏమన్నడు గా కోదాడాయన? పాడైతది అన్నడు. సూడుండ్రి!”

కళ్లం ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. హమాలీల్లో ఒకాయన దగ్గాడు. ఇంజనీరు వంగి చూసి, “చాలా ఒత్తుగా వచ్చిందండీ,” అన్నాడు. నాన్న ముఖం ఎర్రబడింది. ఏదో చెప్పబోయి, అంతమందిలో తండ్రిని తక్కువ చేయలేక ఊరుకున్నాడు.

కళ్లం అవ్వ మాత్రం ఉండలేకపోయింది. “సేటూ, గిది గడ్డేనా?”

“గడ్డి గాకపోతే ఏంది?”

అవ్వ తాతయ్య ముఖంలోకి చూసింది. తర్వాత ఒకసారి కిటికీ వైపు చూసింది. “నాకేం ఎరుక సేటూ. నేను ఊడ్సేదాన్ని,” అని నేల చూపులు చూసింది.

“మరి గట్లను. గడ్డే ఇది. రేపు మాపు సారు ఆడతడు దీని మీద.”

“అది నారు, మామయ్యా.”

మాట కిటికీలోంచి వచ్చింది. చాలా రోజులు వాడని గొంతు. బొంగురుగా, పొడిగా ఉంది. అది అమ్మ గొంతని గుర్తుపట్టడానికి నాకు ఒక క్షణం పట్టింది.

నాన్న కిటికీ వైపు ఒక అడుగు వేస్తే, తాతయ్య చేయి అడ్డం పెట్టి ఆపాడు. ఆ చేయి నేను చూశాను. తర్వాత ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని, బేరంలో ధర తగ్గించనప్పటి గొంతుతో అన్నాడు.

“నారు ఎట్లయితది? కోదాడ నుంచి లారీల తెచ్చిన గరిక.”

“గరిక నేల మీద పాకుతది మామయ్యా. ఇది నిలబడి లేస్తున్నది.”

“మంచి గరిక నిలబడే లేస్తది.”

“లేవదు.”

“నువ్వు గాడ గదిల కూసోని చెప్తున్నవ్ బిడ్డా. ఇది దగ్గరికొచ్చి సూసే ముచ్చట.”

కిటికీలో అమ్మ కనిపించలేదు. తాతయ్య గడ్డి వైపు తిరిగి, ఎంత బాగుందో గుమస్తాకు చెప్పడం మొదలుపెట్టాడు. గుమస్తా వినడం లేదు. ఎవరూ వినడం లేదు. పక్క తలుపు గడియ తీసిన చప్పుడైంది. అమ్మ బయటికి వచ్చింది.

ఎండకు కళ్లు చికిలిస్తూ, గోడ పట్టుకుని నడిచింది. ఎంత చిక్కిపోయిందో గదిలో తెలియలేదు. అంతమంది మగవాళ్లు ఉన్నారని కూడా చూడలేదు. మా అమ్మ పుట్టిల్లు వేములపల్లి. వాళ్లదీ వ్యాపారమే, ఊళ్లో కిరాణం. కానీ కొట్టు వెనకే పొలం. పెళ్లయ్యేదాకా ఆమె ఆ గట్ల మీదే తిరిగింది. వచ్చి అంచున గొంతుక్కూర్చుని, ఒక మొక్కను మొదట్లో పట్టి లాగింది. పైకెత్తి తాతయ్యకు చూపించింది. తెల్లటి వేరు చివర వడ్లగింజ పొట్టు ఇంకా అంటుకునే ఉంది.

“ఇగో. ఇది ఏంది మరి?”

తాతయ్య జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఆ పొట్టును అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. రోజూ వందల బస్తాల వడ్లు ఆ వేళ్ల మధ్య నలిపి, కొరికి, ధర కట్టే మనిషి.

“వడ్లగింజ లెక్కనే ఉన్నది,” అన్నాడు చివరికి.

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. అది ఆపేసరికి ఇంకొకరు. మొత్తం మిల్లు నవ్వింది. అమ్మ నవ్వలేదు. మొక్కల మధ్య వేళ్లు పెట్టి వెతుకుతోంది. అడుగున, నారు నీడలో, కోదాడ గరిక అక్కడక్కడ తలెత్తుతోంది.

“ఇదంత పీకకపోతే గరిక బతకదు మామయ్యా. నీళ్లన్ని నారే తాగుతున్నది.”

“పీకాలె. ఎవరు పీకాలె? ఏది గరికనో ఏది నారో మాకు ఎట్ల తెలుస్తది?” అని తాతయ్య కళ్లం ఆడవాళ్ల వైపు చూశాడు. “మీకు తెలుస్తదా?”

ఏటా మిల్లు లేని రోజుల్లో నాట్లకు పోయి బతికే ఆడవాళ్లు వాళ్లు. కళ్లం అవ్వ అమ్మ వైపు చూస్తూ అందరి తరఫునా చెప్పింది. “మాకేం తెల్సు సేటూ. చిన్నమ్మ చూపిస్తే పీకుతం.”

అమ్మ అక్కడే కూర్చుండిపోయింది. ఎండ ముదిరేదాకా పీకింది. నాన్న గొడుగు తెచ్చి పక్కన గుచ్చి వెళ్లాడు. వంటావిడ పరుగున వచ్చి, “అయ్యో, మీరెందుకమ్మా,” అనబోతే, తాతయ్య ఆమెను కోపంగా చూశాడు. ఆయన ఆడమనుషులను అలా చూడటం నేనెప్పుడూ ఎరగను.

ఆ తర్వాత చాలా రోజులు అదే పని. నారు పీకడం తేలిక కాదు. గట్టిగా లాగితే గరిక వేరు కూడా వస్తుంది. ఒకటి పీకితే పక్కన ఇంకొకటి మొలిచి ఉంటుంది. అమ్మ ఉదయం, సాయంత్రం వచ్చి కూర్చునేది. నేను బడి లేని రోజులు కనుక పక్కనే ఉండేదాన్ని. పీకింది పీకినట్టు ఆమె చేయి దానంతటది కట్టలు కట్టేది. కట్టలు బర్రెకు వేసేవాళ్లం. ఒకరోజు కట్ట కడుతూ ఆగిపోయి, పోయిన వానాకాలం వేములపల్లిలో తమ్ముడు నారుమడిలో పడి ఒళ్లంతా బురద చేసుకుని వచ్చాడని అవ్వకు చెప్పింది. వాడి పేరు ఇంట్లో ఎవరూ పలకడం లేదు అప్పటికి. అమ్మ పలికింది. చెప్పి, కట్ట ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. అవ్వ ఓదార్చలేదు. పీకుతూనే, “పిల్లగాండ్లు బురదను ఇడువరమ్మా,” అంది. నాకూ ఏడుపొచ్చింది. నేనూ పీకుతూనే ఏడ్చాను.

అమ్మ బాగైపోయిందని రాయడం అబద్ధం అవుతుంది. ఆ రోజు రాత్రి కొంచెం అన్నం తింది. మర్నాడు తినలేదు. కొన్ని ఉదయాలు లేచేది కాదు. అప్పుడు తాతయ్య కిటికీ కింద నిలబడి, అది గరికా, నారా అని కనిపించిన ప్రతి మనిషినీ అడిగేవాడు. కాసేపటికి తలుపు గడియ చప్పుడయ్యేది. వానలు పడేనాటికి నాకు జడ మళ్లీ అమ్మే వేస్తోంది. బిగించి వేసేది. నొప్పి పెట్టేది. నేను ఏమీ అనేదాన్ని కాదు.

తాతయ్యకు మాత్రం ఊళ్లో పరువు పోయింది. వడ్ల సేటుకు నారు తెలియలేదన్న మాట మిర్యాలగూడ దాటి నిడమనూరు దాకా పోయింది. సూర్యాపేట మార్కెట్లో తోటి వ్యాపారులు ఎదురైతే వదిలేవాళ్లు కాదు. “సేటూ, ఈసారి కోర్టుల ఎన్ని బస్తాలు పండినయ్?” అని అడిగేవాళ్లు. “ఇంక కోతకు రాలే,” అనేవాడు తాతయ్య. నాన్న తల దించుకునేవాడు. సరుకు చూసి ధర కట్టే మనిషికి చూపు పోయిందన్న మాట వ్యాపారానికి మంచిది కాదు. ఒకరిద్దరు రైతులు వేరే మిల్లుకు పోయారు కూడా. తాతయ్య ఒక్కసారి కూడా, నాకు తెలుసు అని అనలేదు.

కోర్టు చివరికి అయింది. గరిక అల్లుకుంది. నెట్టుకు చేపల వల కట్టారు. గీతలు గీయాల్సి వచ్చినప్పుడు ఇంజనీరు కొలతలు చెబితే, అమ్మ తాడు పట్టించి సున్నంతో గీసింది. ఆమె చేయి ముగ్గుకు అలవాటు పడిన చేయి. గీత ఎక్కడా వంకర పోలేదు. ఆ రోజు మేనత్త ఉంది. “వాకిట్ల ముగ్గు లేని ఏడాది, ఇంటెనక గిదేంది?” అంది.

“ముగ్గు గాదు వదినా. కోర్టు,” అంది అమ్మ తలెత్తకుండా.

మేనత్త నోరు తెరిచింది. తర్వాత ఏమనుకుందో, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని తాడు రెండో కొస పట్టుకుంది.

ఇంజనీరు ఆ కోర్టులో ఎన్నోసార్లు ఆడలేదు. బంతి సరిగా లేచేది కాదు. ఒక మూల నీళ్లు నిలిచేవి. వానాకాలం కాగానే ఆయనకు బదిలీ అయింది. గడ్డి మాత్రం కొన్నేళ్లు ఉంది. అమ్మ తడిపేది, కలుపు తీసేది. నేను పెద్ద చదువుకు పోయాక అక్కడ గోదాము కట్టారు.

కాలేజీలో ఉండగా సెలవులకు వచ్చినప్పుడు ఒకసారి అడిగాను. తాతయ్యకు అప్పటికి నడక తగ్గింది. వరండాలో పడక కుర్చీలో ఉన్నాడు.

“తాతయ్యా, నిజం చెప్పు. నీకు నారు తెల్వదా?”

“ఊరు ఊరంత నవ్వింది గదనే. తెల్సినోన్ని సూసి నవ్వుతరా?” అన్నాడు. అంతే. మంచినీళ్లు అడిగాడు. నేను తెచ్చాను. ఆ తర్వాత రెండేళ్లకు పోయాడు. అమ్మ ఆయన కన్నా చాలా ఏళ్లు బతికింది. ఆమెను నేను అడగలేదు. ఆమెకు మొదటి రోజే తెలుసేమో. అది నారు మామయ్యా అని కిటికీలోంచి అన్నప్పుడే, ఆ మనిషి ఎందుకు అలా నిలబడి ఉన్నాడో అర్థమై ఉంటుంది. అర్థమై కూడా బయటికి వచ్చిందంటే, అది ఆమె ఆయనకు చేసిన మర్యాద.

తర్వాత నేను పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతికాను. పుస్తకాలు బాగానే చదివాను. దుఃఖం గురించి రాసినవి కూడా. వాటిలో ఓర్పు గురించి, కాలం గురించి చాలా ఉంది. ఒక ముసలాయన కోడలి ముందు తెలివితక్కువవాడిగా నిలబడటం గురించి ఎక్కడా కనిపించలేదు. ఆయన అమ్మను ఓదార్చలేదు. ఆమెకు తెలిసిన విషయం ఒకదాన్ని తనకు తెలియనట్టు చేసుకుని, దాని కోసం ఆమె దగ్గర చేయి చాపాడు. నాకు ఆ రోజు నుంచి మిగిలింది ఇదే.

కొన్నేళ్ల కింద సూర్యాపేటలో మా వీధిలో ఒకావిడ భర్త పోయాడు. వంటలో దిట్ట ఆవిడ. దినాలయ్యాక నేను అల్లం పచ్చడి చేసి తీసుకెళ్లి, చేదెక్కింది, ఎందుకో చెప్పమ్మా అన్నాను. ఆవిడ నాలుకకు రాసుకుని చప్పరించింది. తర్వాత, “మెంతులు మాడగొట్టినవ్ టీచరమ్మా,” అంది. లేచి వంటింట్లోకి నడిచి, మూకుడు పొయ్యి మీద పెట్టి, ఎంత వేగాలో చూపించింది. మెంతులు నేను కావాలనే మాడ్చాను. ఆవిడకు చెప్పలేదు.

ఈ నెలతో మా ఆయన పోయి ఏడాది. మంచి మనుషులు చాలామంది వచ్చారు. భోజనం ఫోనులో చెబితే గుమ్మంలోకి వచ్చింది. కరెంటు బిల్లు, గ్యాసు, బ్యాంకు, అన్నీ పిల్లలు వాళ్ల ఫోనుల్లో పెట్టుకున్నారు. బట్టలు ఉతకడానికి యంత్రం కొన్నారు. ఎవరి మీదా నాకు కోపం లేదు. వాళ్లు నన్ను చూసుకున్నట్టు ఎవరూ ఎవరినీ చూసుకోరు. నేను పొద్దున లేచి, ముఖం కడుక్కుని, వరండాలో కూర్చుంటాను. వచ్చినవాళ్లు నా పక్కన కూర్చుని, తమకు తెలిసినవి చెప్పి వెళ్తారు. ఇన్ని నెలల్లో ఒక్కరు కూడా, ఇది ఎలా చేయాలి అని నన్ను అడగలేదు. దుఃఖంలో ఉన్న మనిషిని ఇప్పుడు ఎవరూ ఏ పనీ అడగడం లేదు.